కట్టెల మోపు మీద వాదన

ఆదివారం. మా గ్రంథాలయం మేడ మీది గదిని మేం కాస్త గొప్పగా మ్యూజియం అని పిలుచుకుంటాం. నిజానికి అందులో ఉన్నవి ఒక రాట్నం, నౌపడ ఉప్పు మడుల పాత ఫొటోలు, గాజుపెట్టెలో ఒక వాలుగ చేప దవడ. గోడకు జిల్లా పటం ఒకటి ఉంది. 1950లో విశాఖపట్నం నుంచి విడిపోయి శ్రీకాకుళం జిల్లా ఏర్పడిన తర్వాత వేసింది. ఇప్పటి సరిహద్దులకూ దానికీ పొంతనే లేదు. అయినా దాన్ని తీసేయడానికి మా కార్యదర్శి గారు ఒప్పుకోరు.

స్వాతంత్ర్యం మీద పిల్లలతో ఏదైనా చేద్దామని నెల నుంచి అనుకుంటున్నాం. వక్తృత్వ పోటీ పెడదామని కార్యదర్శి గారి పట్టు. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ని, ఆ పోటీల సంగతి నాకు తెలుసు. ఎవరో పెద్దవాళ్లు రాసిచ్చిన రెండు పేజీలు పిల్లలు బట్టీపట్టి వస్తారు, మధ్యలో ఒక వాక్యం మరిచిపోతే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, శాలువా కప్పించుకుని, తన చిన్నతనం గురించి గంటసేపు మాట్లాడతాడు. పిల్లల చేతికి ఒక మిక్చర్ పొట్లం. దానివల్ల స్వాతంత్ర్యం గురించి ఎవరికి ఏం తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

మా అన్నయ్య కూతురు అమెరికాలో చదువుకునే రోజుల్లో వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర జాతీయ మ్యూజియంలో చూసిన ఒక కార్యక్రమం గురించి మొన్న ఫోనులో చెప్పింది. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరొలైనా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణానికి వెళ్లారు. పళ్ల పేస్టు లాంటివి కొంటే వాళ్ల డబ్బులు తీసుకున్నారు. అదే దుకాణంలో తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగితే మాత్రం ఇవ్వలేదు. దుకాణం మూసేదాకా వాళ్లు లేవలేదు. మర్నాడు ఇంకొంతమంది వచ్చి కూర్చున్నారు. చివరికి జూలై 25న ఆ దుకాణం దిగివచ్చింది. ఆ కౌంటర్‌లో ఒక ముక్కను, ముందున్న కుర్చీలతో సహా, ఈ మ్యూజియంలో పెట్టారు.

అంతవరకైతే అన్ని మ్యూజియాలూ చేసే పనే. ఇక్కడ 1960 నాటి ఉద్యమకారుడి వేషంలో ఒక నటుడు వచ్చి, సందర్శకులే మర్నాడు వెళ్లి కూర్చోబోయే విద్యార్థులైనట్టు శిక్షణ మొదలుపెట్టేవాడట. తిడితే ఏం చేస్తారు? కొడితే ఏం చేస్తారు? తిరిగి కొట్టకూడదు, మాటకు మాట అనకూడదు. కొందరిని ముందుకు పిలిచి కూర్చోబెట్టి పరీక్షించేవాడట. "కూర్చుంటే తెలిసింది బాబాయ్, ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో" అంది. ఆ మాట విన్నాక వక్తృత్వ పోటీ నా మనసులోంచి పూర్తిగా పోయింది.

మనకు అలాంటివి లేవా అంటే, బోలెడు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. అప్పటికే మందస జమీందారీ రైతులకు అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు మీద గొడవ నడుస్తోంది. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో రైతులను అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసులకు ఊరు అడ్డం నిలిచింది. కాల్పుల్లో గున్నమ్మ చనిపోయింది, ఆమెతో పాటు మరికొందరు రైతులూ. వీరగున్నమ్మ అని జిల్లాలో అందరికీ తెలుసు. అయితే తెలిసినదల్లా చాలావరకు పేరూ విగ్రహమూ.

ఈరోజు మూడు గంటలకు పిల్లలు వచ్చారు. పట్నం వాళ్లు కొందరు, టెక్కలి వైపు ఊళ్ల నుంచి కొందరు. అందరూ చేరేదాకా కాలక్షేపానికని గాజుపెట్టె తాళం తీసి వాలుగ దవడను వాళ్ల చేతుల్లో పెట్టాను. కార్యదర్శి గారు గుండె పట్టుకున్నారు. పొందూరు సన్నఖద్దరుకు పత్తిని ఏకేది దీనితోనే అని చెబితే ఎవరూ నమ్మలేదు. ఒక అమ్మాయి దాన్ని బుగ్గకు రాసుకుని చూసింది. పళ్లు కంటికి సరిగా ఆనవు, చర్మానికి మాత్రం గరుకు కాగితంలా తగులుతాయి. కాస్త దూది ఇస్తే, గింజకు అంటుకున్న నారను దువ్వి దువ్వి ఒక పోగు సాగదీసింది. ఆ తర్వాత దవడ ఆమె చేతి నుంచి తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

వీధి చివరి టిఫిన్ హోటల్ నుంచి అడిగి తెచ్చిన కట్టెల మోపు గది మధ్యలో పెట్టాను. జరిగింది చెప్పి, పిల్లలను రైతులుగా, జమీందారు మనుషులుగా, పోలీసులుగా, గుమ్మాల్లోంచి చూసే ఊరివాళ్లుగా విడదీశాను. కట్టెలు ఎవరివో తేల్చుకోండి అన్నాను.

జమీందారు పక్షంలో పడ్డ ఒక కుర్రాడు, తొమ్మిదో తరగతి, లేచి అడిగాడు: "అడవి జమీందారుదే కదా మాస్టారూ, చెప్పకుండా తీసుకుంటే దొంగతనం కాదా?"

కార్యదర్శి గారికి కోపం వచ్చింది. ప్రాణం ఇచ్చిన మనిషిని దొంగ అంటావా అని లేచారు. ఆయన్ను కూర్చోబెట్టడం నాకు ఆ మధ్యాహ్నం మొత్తంలో కష్టమైన పని. ఆ ప్రశ్న కోసమే కదా నేను కట్టెలు మోసుకొచ్చింది! 1940లో పోలీసులు అడిగిందీ అదే.

రైతుల పక్షం నుంచి ఒక పిల్ల, "అడవిని జమీందారు నాటాడా?" అంది. కుర్రాడు తగ్గలేదు. చట్టం ఆయన వైపే ఉంది కదా అన్నాడు. "ఆ చట్టం రాసినప్పుడు వీళ్లను అడిగారా?" అని ఆ పిల్ల. ఊరివాళ్లుగా నిలబెట్టిన పిల్లలు అప్పటిదాకా నవ్వుతూ చూస్తున్నారు. మేమూ మాట్లాడతాం అని వాళ్లూ దిగారు. 1948లో జమీందారీలను తీసేసిన మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చిందని నేను చెబితే, కుర్రాడు లెక్క వేసి, "అయితే ఇంకో ఎనిమిదేళ్లు ఆగితే సరిపోయేదా?" అన్నాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కార్యదర్శి గారు ఏదో అనబోయి ఆగారు. నా దగ్గర ఒక జవాబు ఉంది, కానీ చెప్పలేదు. వాడు ఇంటికి వెళ్లి ఇంకో నలుగురిని అడగనీ.

తర్వాత గ్రామసభ గురించి మాట్లాడుకున్నాం. ఊళ్లో ఓటరు జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే అని చెబితే, దూది ఏకిన అమ్మాయి, "మరి మేం?" అంది. పద్దెనిమిది నిండేదాకా ఆగాలి తల్లీ అన్నాను. అది విని ఆ పిల్ల మొహం చిట్లించింది. పోయిన ఏడాది వాళ్ల ఊరి గ్రామసభలో ఏ తీర్మానాలు చేశారో తెలుసుకోవచ్చా అని అడిగింది. 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మన రాష్ట్రంలో మండల కార్యాలయంలో అడిగితే రుసుము 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10, గ్రామ స్థాయిలో అసలు లేదు. ఆ సంగతి గదిలో ఉన్న పెద్దల్లో కూడా సగం మందికి కొత్తే. జవాబు ఇవ్వడానికి గడువు 30 రోజులు.

దరఖాస్తు తెల్లకాగితం మీద ఆ పిల్లే రాసింది. తీసుకెళ్లడానికి వచ్చిన వాళ్లమ్మ రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టింది. రేపు పంచాయతీ ఆఫీసులో ఇచ్చి వస్తానంది. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోమ్మా, అది లేకపోతే గడువు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో తెలియదు అని మెట్లు దిగుతుంటే మళ్లీ పిలిచి చెప్పాను.