కార్బొరేటర్ మార్చడం తేలికే, దాని చుట్టూ ఉన్నదే కష్టం

చేతులకి పెట్రోలు వాసన ఇంకా పోలేదు, ఆ కోపం మీదే రాస్తున్నాను.

నాది పాత సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ బండి. కార్బొరేటర్‌లో (పెట్రోలూ గాలీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) స్లైడ్, అంటే యాక్సిలరేటర్‌తో పాటు పైకీ కిందికీ కదిలే తలుపు, అరిగి లొడలొడలాడేది, ఐడ్లింగ్ నిలిచేది కాదు. దాని పార్టులు దొరకవని మికుని కంపెనీ వీఎం26 కార్బొరేటర్ తెచ్చాను. 26 అంటే లోపలి గాలి దారి వ్యాసం, మిల్లీమీటర్లలో. పాతది విప్పడం, కొత్తది రబ్బరు మ్యానిఫోల్డ్‌లో (కార్బొరేటర్‌ని ఇంజన్‌కి కలిపే గొట్టం) దూర్చి క్లాంప్ బిగించడం, కేబుల్ సర్దడం పెద్ద పనేం కాదు.

స్టార్ట్ చేశాక మొదలైంది అసలు గోల. చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. వేడెక్కగానే రేస్ దానంతటదే పెరుగుతుంది, యాక్సిలరేటర్ వదిలేసినా వెంటనే దిగదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, నలుగురి ముందు "వీడియోలు చూసి ఇంజన్ విప్పేవాళ్ళంతా ఆఖరికి నా దగ్గరికే వస్తారు సార్" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే పెద్ద మెయిన్ జెట్ (పెట్రోలు వదిలే సన్న చిల్లున్న మర) వేసి పంపించాడు. మెయిన్ జెట్ పని చేసేది యాక్సిలరేటర్ ముప్పావు దాటాక. ఐడ్లింగ్‌లో దానికేం పని? రేస్ అలాగే ఉంది. పైగా ఫుల్ త్రాటిల్‌లో నల్లపొగ, ప్లగ్ నిండా మసి.

ఎయిర్ లీకేమో, అతుకుల్లోంచి అదనపు గాలి దూరుతోందేమోనని అనుమానం వచ్చింది. బండి ఐడ్లింగ్‌లో ఉండగా మ్యానిఫోల్డ్ అతుకుల దగ్గర కార్బ్ క్లీనర్ (కార్బొరేటర్ కడిగే స్ప్రే) కొద్దికొద్దిగా కొట్టి చూశాను. అది భగ్గున అంటుకునే సరుకు, వేడి సైలెన్సర్ మీద పడనివ్వకండి. మ్యానిఫోల్డ్‌లో సిలిండర్ హెడ్‌కి ఆనే ఫ్లాంజ్ (బోల్టులు పట్టే చదును ముఖం) కింది అంచు మీద పడగానే, ఆ సందులోంచి అది లోపలికి పోయి ఇంజన్ చప్పుడు మారిపోయింది. దొంగ దొరికాడు!

విప్పి స్టీల్ స్కేలు ఆనించి చూస్తే మధ్యలోంచి వెలుతురు కనిపిస్తోంది. ఎవరో మహానుభావుడు బోల్టులు బలమంతా పెట్టి బిగించినట్టున్నాడు, బోల్టులు పట్టే రెండు చెవులూ హెడ్ వైపు వంగిపోయాయి. దళసరి అద్దం మీద ఎమెరీ పేపర్ పరిచి, ఫ్లాంజ్‌కి మార్కర్‌తో గీతలు గీసి రుద్దాను. ముందు చెవుల మీది గీతలు పోయాయి, నడుమవి మొండిగా ఉండిపోయాయి. అవీ చెరిగిపోయేదాకా వదల్లేదు. కొత్త గాస్కెట్ వేసి, రెండు బోల్టులూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాను. రేస్ టక్కున దిగింది. ఇంత నున్నగా ఆ షాపులో ఎవరూ చేయరు, రాసిస్తాను.

కాబట్టి లీకు లేదని తేలేదాకా జెట్ల జోలికి పోకండి, ఎవరేం చెప్పినా సరే.

మిగిలిన ట్యూనింగ్ సాఫీగానే సాగింది. మెయిన్ జెట్ మళ్ళీ మొదటిదే వేశాను. ఈ కార్బొరేటర్‌కి ఐడ్లింగ్ గాలిని సర్దే ఎయిర్ స్క్రూ ఫిల్టర్ వైపుంటుంది, బయటికి తిప్పితే గాలి ఎక్కువవుతుంది. సగం త్రాటిల్‌లో కాస్త మిస్సింగ్ ఉంటే నీడిల్ (స్లైడ్‌కి వేలాడుతూ పెట్రోలు దారిని తెరిచి మూసే సూది) క్లిప్ ఒక గాడి కిందికి దించాను. నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరిగింది, మిస్సింగ్ పోయింది. ఫిల్టర్ రబ్బరు మాత్రం కొత్త కార్బొరేటర్ మూతికి వదులుగా ఉంది. ప్రస్తుతానికి క్లిప్పేసి బిగించాను, సరైన సైజు దొరికితే మార్చి ఎయిర్ స్క్రూ మళ్ళీ చూసుకోవాలి.