పరిగె ఏరే రోజుల్లో ప్రార్థన

మన బడికి గంట లేదు. వేపచెట్టు కొమ్మకు గొలుసుతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క ఉండేది. పొద్దున తొమ్మిదింటికి ఐదో తరగతి పిల్లవాడెవడో దాన్ని ఇనప కడ్డీతో కొడితే ఆ మోత కాలవ దాటి ఊళ్లో మా వాకిలి దాకా వచ్చేది. ‘అదుగో, పల్లె బడి పిలుస్తోంది, పో’ అనేది నాయనమ్మ. కాలవ అవతలి దళితవాడను మా ఊళ్లో ‘పల్లె’ అనేవారు. ఆ మాటను ఆవిడ ఎలా ఒత్తి పలికేదో, మన బడి పాత విద్యార్థుల కోసం వేస్తున్న ఈ సంచిక చదివేవాళ్లకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఊళ్లోనూ పంచాయతీ సమితి బడి ఉండేది. అక్కడి పంతులుగారు వచ్చిన రోజులకంటే రాని రోజులే ఎక్కువ. అందుకే రేపల్లె తాలూకాలోని మా ఊరి రైతులు కొందరు 1973లో పిల్లల్ని కాలవ దాటించి లూథరన్ మిషన్ బడిలో వేశారు. వాళ్లలో మా నాన్న ఒకరు. నేను చేరిన మర్నాడు సాయంత్రం పెద్ద మాస్టారు మా ఇంటికి వచ్చారు. అరుగు ఎక్కలేదు. ఎక్కమని మా వాళ్లూ అనలేదు. కిందనే నిలబడి, ‘మా బడిలో రోజూ ప్రార్థన ఉంటుందండీ. మీవాడు కూర్చోవడం మీకు ఇష్టం లేకపోతే ఆ కాసేపు బయట ఎక్కాలు రాసుకుంటాడు. ఏ సంగతీ చెప్పండి’ అన్నారు. నాన్న ఒక క్షణం ఆలోచించి, ‘ఎండలో ఎందుకులెండి, లోపలే కూర్చోనివ్వండి’ అన్నారు.

నేను ఐదేళ్లు ప్రార్థనలో కూర్చోవడానికి కారణం అంతే, ఎండ. పెద్దయ్యాక రాజ్యాంగం 28వ అధికరణం చదివాను. ప్రభుత్వ గుర్తింపో సహాయమో ఉన్న బడిలో సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకు గాని ఆరాధనకు గాని కూర్చోబెట్టకూడదని అందులో ఉంది. మన బడి ప్రభుత్వ గ్రాంటుతో నడిచేదే. మాస్టారు ఆ అధికరణం తెలిసి వచ్చారో, మర్యాద తెలిసి వచ్చారో అడిగే అవకాశం నాకు దొరకలేదు.

ఆదివారం చర్చి, మిగతా రోజుల్లో బడి. బలిపీఠానికి అడ్డంగా తెర లాగి, తెర ముందు నల్లబల్ల నిలబెడితే బడి మొదలైనట్టే. గుంటూరు జిల్లాలో ఇలా చర్చీ బడీ ఒకే కప్పు కింద నడవడం చాలా పాత అలవాటు. 1842 జులై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గారు మొదట పెట్టుకున్న పనుల్లో బడులు తెరవడం ఒకటి. మనకు ఆ చరిత్ర అప్పట్లో తెలియదు. తెలిసిందల్లా తాటాకు చాప. ఆ చాప మీద ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో టీచరమ్మ ఎత్తునుబట్టి చెప్పేవారు, ఇంటిపేరునుబట్టి కాదు. సాయంత్రం ఇంటికి వెళ్లగానే నాయనమ్మ బావి దగ్గర నాకు రెండు చేదల నీళ్లు పోసిగాని లోపలికి రానిచ్చేది కాదు. చలికాలంలో ఆ నీళ్ల బాధ పడలేక నేనొక్కణ్ణే ఎత్తు తగ్గి ఊరి పిల్లల వరసలో పడాలని కోరుకునేవాణ్ణి.

ప్రార్థన పావుగంట. మొదట పాట. మన కీర్తనల పుస్తకంలో చాలా పాటల నెత్తిన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. చర్చిలో బోధించే ఉపదేశిగారు కంజీర పట్టుకుని ఎత్తుకుంటే, కాలవ గట్టున వెళ్లే హరిదాసు కూడా ఆగి తల ఊపేవాడు. తర్వాత పరలోక ప్రార్థన. అందులో వచ్చే ‘అనుదినాహారము’ అంటే మధ్యాహ్నం పెట్టే పచ్చటి రవ్వ ఉప్మా అని నేను రెండో తరగతి దాకా నమ్మాను. పొద్దున అడుగుతున్నాం, మధ్యాహ్నానికి వస్తోంది. ఇందులో అనుమానించడానికి ఏముంది? ఆ తర్వాత కంఠతా వాక్యం. ఇది మాత్రం నాకు చేదు జ్ఞాపకమే. తప్పితే బెత్తం పడేది. కళ్లు తెరిచినందుకు కూడా పడేది. ‘నేను తెరిచానని చెప్పినవాడు కళ్లు మూసుకునే చూశాడా?’ అని అడిగినందుకు నాకు అదనంగా రెండు పడ్డాయి. దేవుడి మాటను బెత్తంతో నేర్పడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అలా నేర్చుకున్న వాక్యాల్లో నాకు ఒకటీ మిగల్లేదు.

మిగిలింది చివరి మూడు నిమిషాలు. టీచరమ్మ హాజరుపట్టీ తెరిచి, ఆ రోజు రానివాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివేవారు. ‘జ్వరం’, ‘చెల్లెలిని చూసుకోవడానికి’, ‘తెలియదు’ అని పక్కవాళ్లు చెప్పేవారు. వంతు ప్రకారం ఒక పిల్లో పిల్లవాడో లేచి, రానివాళ్ల కోసం సొంత మాటల్లో ప్రార్థన చేయాలి. షరతు ఒకటే: తనకోసం ఏమీ అడగకూడదు. పరీక్షల ముందు ఈ షరతు ఎంత కఠినమో మీకు గుర్తుండే ఉంటుంది. ఒకరికొకరం అడుగుతామని మనం ముందే మాట్లాడుకుని దాన్ని తప్పించుకున్న సంగతీ గుర్తుండే ఉంటుంది.

1976 డిసెంబరు, నాలుగో తరగతి. కోతల రోజులు. కోసిన చేలో రాలిన వెన్నులు, అంటే పరిగె, ఏరుకునే రోజులు. హాజరుపట్టీలో సగం పేర్లకు ఒకటే జవాబు: ‘పరిగెకు వెళ్లింది టీచర్’. ఆ వారం టీచరమ్మ రూతు కథ ఎత్తుకున్నారు. మామగారి దేశానికి వచ్చిన విధవరాలు, కోతగాళ్ల వెనక పొలంలో పరిగె ఏరుకుంది. మన తెలుగు బైబిల్లో ఉన్నది అచ్చంగా ఆ మాటే, పరిగె. బడి ఎగ్గొట్టి ఏరుకోవడానికి వెళ్లే పని పేరు దేవుడి పుస్తకంలో వినబడేసరికి చాప మీద కదలిక వచ్చింది. ఆ పొలం యజమాని బోయజు, పనలలోంచి కొన్ని వెన్నులు కావాలనే జారవిడవమని కోతగాళ్లకు చెప్పాడట.

నా పక్కన కూర్చునే పిల్ల ఆ రోజు రాలేదు. ఎక్కడ ఉందో అందరికంటే నాకే బాగా తెలుసు. మా చేలో ఉంది. ముందు రోజు సాయంత్రమే మా నాయనమ్మ కర్ర పట్టుకుని ఆ పిల్లనీ వాళ్లమ్మనీ గట్టు దాటేదాకా తరిమింది.

రాత్రి అన్నం దగ్గర ఈ కథ చెప్పాను. నాయనమ్మ పెరుగు వడ్డిస్తూ, ‘మీ బోయజుకు ఎన్ని ఎకరాలో కనుక్కుని రా’ అంది. మర్నాడు నేను నిజంగానే అడిగాను. టీచరమ్మ నవ్వలేదు. ‘అది రాయలేదు బాబూ. ఎన్ని ఉంటే వదలవచ్చో మీ ఇంట్లోనే లెక్క వేసుకోండి’ అన్నారు. ఈ జవాబు నాయనమ్మకు అప్పగించాను. ఆవిడ మారిపోయిందని రాస్తే సంచికకు బాగుంటుంది గాని, అబద్ధం. మర్నాడూ కర్ర పట్టుకునే గట్టు మీద కూర్చుంది. కాకపోతే మధ్యాహ్నం పూట కునుకు తీసింది. అంతకుముందు ఆవిడ చేలో నిద్రపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

మరుసటి ఏడు పరిగె లేదు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమను ముంచిన ఉప్పెన రోజే మన వైపూ గాలి ఊరిని ఊడ్చేసింది. కోతకు వచ్చిన వరి నీళ్లలో పడుకుంది. బడి తెరిచిన రోజున కప్పు లేదు, వేపచెట్టు కూకటివేళ్లతో పడి ఉంది. రైలు పట్టా ముక్క బురదలో దొరికింది. ఇద్దరు అబ్బాయిలు గొలుసు పట్టుకుని భుజాల ఎత్తుకు లేపితే మూడోవాడు కొట్టాడు. చేతుల్లో పట్టుకుంటే అది మునుపటిలా మోగదు.

తెర పోయింది. ఆ రోజు బలిపీఠం ఎదురుగానే కూర్చున్నాం. టీచరమ్మ తడిసి ఉబ్బిన హాజరుపట్టీ విప్పి పేర్లు చదవడం మొదలుపెట్టారు. ప్రతి పేరు దగ్గరా ‘తెలియదు’ అన్నాం. కొంతసేపటికి ఆవిడ చదవడం ఆపేశారు. నా వంతు ఆ రోజే. లేచి నిలబడ్డాను. నాకు మాటలు రాలేదు, పేర్లు వచ్చాయి. గుర్తున్న పేర్లన్నీ చెప్పి కూర్చున్నాను. నా పక్క పిల్ల పేరు రెండుసార్లు చెప్పాను. కూలికని సముద్రం వైపు ఊళ్లకు వెళ్లారని అప్పటికే విన్నాను.

పదకొండు రోజులకు ఆమె వచ్చింది. చెయ్యి మెడకు కట్టి ఉంది. చాప మీద తన చోటులో కూర్చుని మొదట అడిగింది, ‘నేను రాని రోజుల్లో నా పేరు చెప్పారా?’ అని. రోజూ చెప్పామన్నాను. మధ్యలో ఒక రోజు ఉపదేశిగారు తొందరలో పట్టీ తెరవకుండానే ముగించేశారు. ఆ సంగతి ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. ఈ సంచిక ఆమె చేతికీ వస్తుంది కదా, చదువుకుంటుంది.