క్వారీ గుడ్లగూబలు: ఫిబ్రవరి వరకు చూసింది

చంద్రగిరి వైపు పని ఆగిపోయిన ఒక రాతి క్వారీలో కొండ గుడ్లగూబల జంట ఈసారి కూడా పిల్లల్ని చేసింది. క్వారీ ఎక్కడుందో మాత్రం రాయను. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరమైనా, పూజల పేరుతో వీటిని పట్టి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు.

పుల్లలతో కట్టిన గూడేమీ లేదు. రాతి అరుగు మీద, బలుసు పొద చాటున, మట్టిలో చిన్న పల్లం, అంతే. తల్లి మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది కాబట్టి పిల్లలన్నీ ఒకే సైజులో ఉండవు. ఇక్కడ మూడున్నాయి. తిండి తగ్గితే ముందు దెబ్బ తినేది అన్నిటికంటే చిన్నదే, నా టెన్షనంతా దాని గురించే.

నేను చూసేది ఎదురు గట్టు మీంచి, బైనాక్యులర్‌తోనే. మరీ దగ్గరికి పోతే పెద్దపక్షి రెక్క విరిగినట్టు నటిస్తూ మనల్ని పక్కకి లాగుతుంది. అంతసేపూ పిల్లలు ఎండకి, కాకులకి వదిలేసినట్టే. ఫొటో కోసం ఆ పని ఎవరూ చేయొద్దు.

ఏం తింటున్నాయో తెలుసుకోవడానికి గూటి దాకా వెళ్లక్కర్లేదు. అరగని బొచ్చు, ఎముకలు ఉండలుగా కక్కేస్తాయి. గూటికి దూరంగా, మగది కూర్చునే బండ కిందే అవి దొరుకుతాయి. నక్క పెంటతో పొరపడేవాళ్లుంటారు; నక్కది ఒక కొస సన్నగా సాగి ఉంటుంది, వాసనా ఎక్కువే. ఉండల్ని ఎండబెట్టి, విడివిడి కాగితం సంచుల్లో తేదీ రాసి పెడతాను. తర్వాత గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పట్టకారుతో, పాత టూత్‌బ్రష్‌తో విడదీస్తాను. మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి.

ఎలుకల సంఖ్యకి ఎముకలన్నీ లెక్కపెట్టొద్దు. కింది దవడల్లో ఎడమవి ఎన్ని, కుడివి ఎన్ని చూసి, ఎక్కువున్న లెక్క తీసుకోవాలి. పై ముందుపళ్ల మీద నిలువు గాడి ఉంటే జెర్బిల్, అంటే బొరియల్లో ఉండే ఒక రకం ఎలుక. ముందుపళ్లకీ దవడపళ్లకీ మధ్య ఖాళీ లేకుండా మొనదేలిన పళ్లుంటే అది ఎలుకే కాదు, చుంచు (ఎలుకలా కనిపించే, పురుగులు తినే వేరే జీవి).

ఇంతవరకు విప్పినవాటిలో పొలం ఎలుకలు, జెర్బిల్‌లే ఎక్కువ. పందికొక్కులు కొన్ని, పిట్టల ఈకలు, అక్కడక్కడా ఎండ్రకాయ పెంకులు. పొదల్లో ఉంటున్నా వేట మాత్రం చెనిక్కాయ చేలల్లో, కయ్యల గట్ల మీదే అని నాకనిపిస్తోంది.

పక్క చేను పెద్దాయనకి ఒక కాగితం మీద దవడలు పరిచి చూపించాను. "అది కూస్తే ఇంట్లో మనిషి పోతాడంటారు గదా సామీ" అన్నాడు. కాసేపు పళ్లు తిప్పి చూసి, "ఇవన్నీ నా చేనివేనా?" అని అడిగాడు. ఎలుకల మందు తిన్న ఎలుకని తింటే గుడ్లగూబకీ విషం ఎక్కుతుందని చెప్పాను. మందు మానేస్తానని మాటివ్వలేదు గానీ, పిల్లలు ఎగిరేదాకా క్వారీ పక్క బోద గడ్డి తగలబెట్టనన్నాడు. నాకదే పెద్ద ఊరట.

పిల్లలు ఎగరకముందే నడుచుకుంటూ పొదల్లోకి చేరతాయి. ఆర్నెల్ల దాకా తల్లిదండ్రులే మేపుతారు. వానలు పడ్డాక అదే బండ కింద ఉండలు ఏరి, కప్పల ఎముకలు ఎన్ని పెరిగాయో చూడాలి.