ఓటేసిన చెవులు

పొద్దున్న ఆఫీసుకెళ్లి ఇంకా సిస్టమ్ కూడా ఆన్ చేయలేదు, మా టీమ్ గ్రూపులో ఒక లింకు పడింది. ఫలానా పాటల పోటీలో మా జిల్లా అమ్మాయి ఉంది, అందరూ ఓటేయండి, ఇంట్లోవాళ్లతో కూడా వేయించండి అని, కింద దణ్ణాలు పెట్టే బొమ్మలు వరసగా. పెట్టినవాడు నా పక్క సీటు కుర్రాడే. ఎలా పాడుతుందేంటి ఆ అమ్మాయి అని అడిగితే "నేనింకా చూళ్లేదు సార్, టైమెక్కడ దొరుకుతోంది, బాగానే పాడుద్దంట" అన్నాడు. అంటూనే నా ఫోన్ కోసం చెయ్యి చాపాడు, యాప్ తనే వేసిపెడతాడట. నేనివ్వలేదు. మా ఇంట్లో ఇప్పటికే వేరే పార్టీ అధికారంలో ఉంది. మా అమ్మాయి ఈ సీజన్ మొదలైన వారంలోనే ఒక పిల్లని ఎంచేసుకుంది, అప్పట్నుంచీ నా ఓటు, వాళ్లమ్మ ఓటు, మా అమ్మ ఓటు గంపగుత్తగా అటే పోతున్నాయి.

తర్వాత పనిలో పడ్డానే గానీ మధ్యాహ్నం దాకా బుర్రలో ఇదే తిరిగింది. పాట వినకుండా ఓటేయడం కొత్తేం కాదు. మా హాస్టల్ రోజులే గుర్తొచ్చాయి.

ఇండియన్ ఐడల్ అని హిందీ టీవీలో పాటల పోటీ, దాని రెండో సీజన్, 2005 చివర్లో మొదలై 2006 ఏప్రిల్లో అయిపోయింది. కామన్ రూమ్‌లో ఒకటే టీవీ, క్రికెట్ లేని రోజున మాత్రమే పాటలు. అలాంటిది కారుణ్య ముందుకొస్తున్నకొద్దీ క్రికెట్ పిచ్చోళ్లు కూడా వెనక బెంచీలెక్కి నిలబడి చూసేవాళ్లు. హైదరాబాద్ కుర్రాడు, జడ్జీలు సోనూ నిగమ్, అనూ మలిక్, ఫరా ఖాన్ ముందు నిలబడి హిందీ పాట అంత శుభ్రంగా పాడుతుంటే మాకు ఛాతీ ఉప్పొంగేది. మాలో సగం మందికి హిందీ అంతంత మాత్రమే. అనూ మలిక్ షాయరీ అందుకుంటే ముందు హిందీ వచ్చినవాడు నవ్వేవాడు, వాణ్ని చూసి మిగతావాళ్లం నవ్వేవాళ్లం. పాటైపోగానే ఫోన్లు బయటికొచ్చేవి. ఓటేసే ఎస్సెమ్మెస్‌కి మామూలు దానికంటే ఛార్జి ఎక్కువ, ఇంటికి మిస్డ్ కాల్ ఇచ్చి వాళ్లే చేస్తే మాట్లాడే బ్యాచ్ మాది, అయినా బ్యాలెన్స్ గీకేదాకా ఓట్లు కొట్టేవాళ్లం.

ఫైనల్లో మిగిలింది ఇద్దరు, కారుణ్య, బికనీర్ నుంచి వచ్చిన సందీప్ ఆచార్య. సందీప్ గెలిచాడు. ఆ రాత్రి మా హాస్టల్లో జరిగిన చర్చ ఇక్కడ రాయను, ఉత్తరాదివాళ్ల జనాభా, దక్షిణాదికి జరుగుతున్న అన్యాయం, అన్నీ వచ్చాయి అందులో. ఇప్పుడు గుర్తు చేసుకుంటే నాకు తమాషాగా అనిపించేది వేరే ఉంది. నెలల తరబడి వారం వారం ఆ షో చూసినవాణ్ని, కారుణ్య పాడిన పాటల్లో సంగతి సంగతీ గుర్తుంది, సందీప్ పాడినవాటిలో ఒక్కటీ గుర్తులేదు. అతను పాడుతున్నంతసేపూ మేం కూర్చునే ఉన్నాం మరి. ఎక్కడ శ్రుతి తప్పుతాడా అని కూర్చున్నాం. అలా కూర్చుంటే తప్పులు దొరుకుతాయేమో గానీ పాట దొరకదు.

2013 డిసెంబర్లో సందీప్ జబ్బు చేసి చనిపోయాడని వార్త వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లు. ఆ రోజు యూట్యూబ్‌లో ఆ సీజన్ వీడియోలు వెతికి అతని పాటలు ఒకదాని తర్వాత ఒకటి విన్నాను. మెత్తటి గొంతు. పాటని ఎక్కడా విసురుగా ఎత్తుకోడు. వీడికి ఓట్లెలా పడ్డాయిరా అని మేం ఆ రాత్రంతా కొట్టుకున్నాం కదా, ఇలా పడ్డాయన్నమాట.

తర్వాతి సీజన్ ఇంకా విచిత్రం, 2007ది. డార్జిలింగ్ కొండల్లోంచి వచ్చిన ప్రశాంత్ తమాంగ్, కోల్‌కతా పోలీసుల్లో కానిస్టేబుల్. ఇటు షిల్లాంగ్ నుంచి అమిత్ పాల్. కొండ కొండంతా కదిలి ఓట్లేసింది. తమాంగ్ కోసం ఓట్లు కూడగట్టడంలో ముందున్న బిమల్ గురుంగ్ ఆ ఏడాదే గూర్ఖా జనముక్తి మోర్చా అని పార్టీ పెట్టి తర్వాత ఆ కొండల రాజకీయాన్నే మార్చేశాడు. అటు మేఘాలయ ప్రభుత్వం అమిత్ పాల్‌ని శాంతికి రాయబారిగా ప్రకటించింది. పాటల పోటీ ఎక్కడికి పోయిందో చూడండి. ఆ ఫైనల్లో ఎవరేం పాడారో డార్జిలింగ్‌లో అడిగితే ఎంతమంది చెప్పగలరో నాకు తెలుసుకోవాలనుంది, ఎగతాళికి కాదు, నిజంగానే. తమ ముఖం ఎప్పుడూ టీవీలో కనపడని జనానికి ఒకడు కనపడ్డాడు. అంతమాత్రానికే ఓటేయొచ్చు కదా అని కూడా అనిపిస్తుంది.

మనకి ఆ ముచ్చట 2010లో తీరింది. ఆగస్టు 15న శ్రీరామచంద్ర గెలిచాడు, ఇండియన్ ఐడల్ గెలిచిన మొదటి తెలుగువాడు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరాను, బ్యాలెన్స్ గురించి చూసుకోనక్కర్లేదు. ఆ గెలుపు 2006 బాకీ తీర్చినట్టే ఉండింది అందరికీ. అసలు సరదా 2017లో. రేవంత్, రోహిత్ ఇద్దరూ చివరి ముగ్గురిలో ఉన్నారు, మూడోవాడు పంజాబ్ నుంచి ఖుదా బక్ష్. ఇద్దరూ మనవాళ్లే అయ్యేసరికి జనం ఇరుకున పడ్డారు. రేవంత్ అప్పటికే బాహుబలిలో పాడినవాడు కాబట్టి రోహిత్‌కి వేయాలని ఒక వాదన, ఓట్లు చీలితే ఇద్దరూ పోతారు కాబట్టి ఒక్కడికే గుద్దాలని ఇంకో వాదన. అచ్చం అసెంబ్లీ ఎన్నికలే. రేవంత్ గెలిచాడు. ఆ గొడవలో నాకు జరిగిన మేలేంటంటే, ఎటూ తేల్చుకోలేక ఎవరికీ ఓటేయలేదు, దాంతో ముగ్గుర్నీ సుబ్బరంగా విన్నాను. ఖుదా బక్ష్ గొంతులో ఆ సూఫీ జీర ఇప్పటికీ చెవుల్లో ఉంది.

2021లో షణ్ముఖప్రియ సంగతి మాత్రం తల్చుకుంటే ఇప్పటికీ చిరాకే. వైజాగ్ పిల్ల, అదే షోలో స్టేజి మీద ఏం చేసినా భయం లేకుండా చేసేది, గొంతుని ఒక్కసారిగా పైకీ కిందకీ విరిచి పాడే యోడ్లింగ్ కూడా. నచ్చకపోతే నచ్చలేదనొచ్చు, కానీ ఆ అమ్మాయి మీద నెట్‌లో వేసినన్ని మీమ్‌లు, ఇంకా ఎలిమినేట్ చేయరేంటి అని పెట్టినన్ని కామెంట్లు ఒక పిల్ల మీద వేయాల్సినవి కాదు. అందులో ఎక్కువమంది వేరేవాళ్ల ఫ్యాన్సే అని నా అనుమానం. ఫైనల్ ఆగస్టు 15న మధ్యాహ్నం పన్నెండింటికి మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా లాగారు, పన్నెండు గంటలు! పవన్‌దీప్ రాజన్ గెలిచాడు. కరోనా రోజులు, ఎటూ పోయే పని లేదు కాబట్టి సరిపోయింది గానీ మామూలు రోజుల్లో ఎవరు కూర్చుంటారు అంతసేపు.

సరే, ఇవాళ్టికొస్తే.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి టీవీ ముందు పుస్తకం, పెన్ను పెట్టుకుని ఉంది. హోంవర్కేమో అనుకున్నాను. కాదు, పాడినవాళ్లందరికీ మార్కులు. తన పిల్లకి ముందే వేసేసింది, ఇంకా పాడకముందే. మిగతావాళ్లు ఒక్కొక్కరే వస్తుంటే పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లాగా చూస్తోంది. ఒక అబ్బాయి పాత మెలొడీ ఎత్తుకున్నాడు. పల్లవి చాలా బాగా వచ్చింది. చరణం చివర తారస్థాయికి వెళ్లే చోట ఊపిరి చాల్లేదు. "వెన్నెల" అనే మాట దగ్గర "వె" అని ఆగిపోయి, గాలి పీల్చుకుని "న్నెల" అన్నాడు. రెప్పపాటు. తబలా దగ్గర కూర్చున్న పెద్దాయన అతని వంక చూసి చిన్నగా తలూపి, తర్వాతి దెబ్బ కాస్త బలంగా వేసి చేయి పట్టుకుని నడిపించినట్టు మళ్లీ పల్లవిలోకి తీసుకొచ్చేశాడు. ఎంత అందంగా చేశాడో. కెమెరా ఆయన మీద ఒక్క క్షణమే ఉంది, వెంటనే జడ్జీల ముఖాల మీదికి పోయింది.

"ఔట్! నాన్నా, మాట విరిచేశాడు, విన్నావా?" అని మా అమ్మాయి ఎగిరి గంతేసింది.

మా అమ్మ అటు మంచం మీద కూర్చుని ఉంది. "ఎంత హాయిగా పాడాడే" అంది.

"నానమ్మా, నీకు వినపడలేదా?"

"ఎందుకు వినపడలేదు? ఊపిరి అందలేదు పాపం. అయితే ఏంటి? ఇంకో చరణం కూడా పాడితే బావుండు."

రెండో చరణం పాడరు, టైముండదు అని నేను చెప్పాను. "ఇందాకట్నుంచీ వాళ్ల నాన్న కష్టాలు చూపించి అందర్నీ ఏడిపించడానికి టైముంది, చరణానికి లేదా?" అంది. దీనికి జవాబు ఆ షో తీసేవాళ్ల దగ్గరే ఉండాలి.

నలుగురం ఒకే పాట విన్నాం. మా అమ్మాయికి తప్పు వినపడింది. మా ఆవిడకి, నాకూ కూడా నిజం చెప్పాలంటే ముందు అదే వినపడింది. తప్పూ పాటా రెండూ వినపడింది మా అమ్మకి ఒక్కదానికే. ఆవిడ ఓటు కూడా మనవరాలే వేస్తుంది, ఎవరికి వేస్తోందో ఆవిడకి తెలీదు, అంటే మా ఇంట్లో ఎవరి పక్షమూ కాని మనిషి ఆవిడొక్కతే.

ఆవిడకి ఈ వినడం అలవాటు చేసింది పాడుతా తీయగా. 1996లో ఈటీవీలో మొదలైనప్పట్నుంచీ చూసింది. అందులో మనం ఓటేసేది లేదు, మార్కులు జడ్జీలవి, మన పనల్లా వినడమే. పిల్లలు పాడగానే బాలు గారు ముందు పాట గురించి చెప్పేవారు, ఎవరు రాశారు, ఎవరు స్వరం కట్టారు, రికార్డింగప్పుడు ఏం జరిగింది, ఆ తర్వాత నెమ్మదిగా ఇక్కడ ఒత్తు పలకలేదు నాన్నా, ఇక్కడ ళ కాస్తా ల అయింది అని. తప్పు చెప్పినా ఆ పిల్లాడి మీద మనకి ప్రేమ తగ్గేది కాదు. ఆయన కూడా మద్రాసులో చదువుకునేటప్పుడు పోటీలో పాడి కోదండపాణి గారి కంట్లో పడ్డవారే, 1966లో ఆయన సంగీతంలోనే మొదటి సినిమా పాట పాడారు, చివరికి తన రికార్డింగ్ థియేటర్‌కి కూడా ఆ గురువు గారి పేరే పెట్టుకున్నారు. పోటీలో నిలబడ్డవాడి కాళ్లు ఎలా వణుకుతాయో ఆయనకి తెలుసు. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ, వీళ్లంతా ఆ స్టేజి మీద పాడినవాళ్లే. 2020లో ఆయన పోయాక వాళ్లబ్బాయి చరణ్ నడుపుతుంటే మా అమ్మ మొదట్లో మొహం తిప్పుకుంది గానీ ఇప్పుడు అదీ చూస్తోంది.

అలాగని ఓట్లు తీసేయమని నేననను. ఓటింగ్ లేకపోతే మా అమ్మాయి ఈ షో చూడదు, పాత పాటలు దాని చెవిన పడనే పడవు. మొన్న స్నానం చేస్తూ అరవై ఏళ్ల కిందటి పాట పాడుతోంది, తన పిల్ల పాడిందని నేర్చుకుంది. మార్కుల పద్ధతిలో మాత్రం గొడవలు లేవా, అర మార్కు తేడాతో పోయిన పిల్లల కోసం మా అమ్మ అన్నం మానేసిన రోజులున్నాయి. కాకపోతే అప్పుడు కోపం జడ్జీల మీద ఉండేది, ఇప్పుడు ఎదురు పాడేవాళ్ల మీద ఉంటోంది.

షో అయ్యాక అసలు గొడవ మొదలైంది. "నా ఓటు ఎవరికేస్తున్నావే నువ్వు?" అని మా అమ్మ అడిగింది. మా అమ్మాయి గర్వంగా చెప్పింది. "ఆ అమ్మాయి బానే పాడుద్ది కానీ, నాది ఆ ఊపిరందని అబ్బాయికి వెయ్యి."

"కుదరదు నానమ్మా, ఇవాళ్టివి అయిపోయాయి."

"రేపటివో?"

మా అమ్మాయి నీళ్లు నమిలింది. రేపు చూద్దాంలే అని వెళ్లి పడుకుంది. అది నిద్రపోయాక మా అమ్మ ఫోన్ పట్టుకుని నా గదిలోకొచ్చి, ఒరేయ్, దీనికి లాక్ నంబరు మార్చిపెట్టు, ఆ ఓటు ఎక్కడ నొక్కాలో కూడా చూపించు అంది. మార్చాను, చూపించాను. పొద్దున్న లేచాక మా అమ్మాయికి తెలుస్తుంది, నాకు మాత్రం ఆఫీసుకి తొందరగా వెళ్లాల్సిన పనుంది.