పాస్తాని మార్చకు నాన్నా

"నాన్నా, ఈసారి పాస్తాని మార్చకు."

ఒక గురువారం సాయంత్రం స్కూలు బ్యాగు కుర్చీలో పెడుతూ మా 12 ఏళ్ల అమ్మాయి అన్న మాట ఇది. కోపంగా అనలేదు. చాలా రోజులుగా అనాలనుకుని, అనలేక, చివరికి ఎలాగో అనేసినట్టు ఉంది.

గురువారాలు వాళ్లమ్మ డ్యూటీ నుంచి వచ్చేసరికి 9 దాటుతుంది. ఆ రోజు వంట నాది. పిల్లలు రొయ్యల పాస్తా అడుగుతారు, నేను సరే అంటాను. అని, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, మసాలా వేసి, రొయ్యల్ని అందులో పావుగంట మగ్గించి, ఉడికిన పాస్తా తెచ్చి కలిపేస్తాను. ఇన్నేళ్లూ అలాగే చేశాను. బయటి రుచీ మన రుచీ రెండూ పిల్లలకు ఒకే ప్లేటులో దొరుకుతున్నాయని సంతోషపడేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే అందులో సంతోషం కంటే భయమే ఎక్కువ ఉంది. రోజంతా బయట వాళ్ల లోకం వేరు. రాత్రి భోజనం దగ్గర కూడా మనదంటూ ఏమీ లేకపోతే ఇంకెక్కడ మిగులుతుందన్న భయం.

"ఎందుకమ్మా, బాగుండదా?" అని అడిగాను.

"బాగుంటుంది. కానీ అది పాస్తా కాదు. మా ఫ్రెండ్స్‌కి దానికి వేరే పేరు చెప్తాను."

రెండు రోజులు ముభావంగా ఉన్నాను. పిల్లకది తెలుసు. తప్పు మాట్లాడానేమోనని నా చుట్టూ తిరిగింది. ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అడిగింది ఒక పూట భోజనం, అంతే కదా.

మరుసటి గురువారం ఇద్దరం కలిసి మొదటినుంచీ చేశాం. పూర్తిగా అరగంట కూడా పట్టలేదు. నలుగురికి 350 గ్రాముల పాస్తా, 400 గ్రాముల రొయ్యలు, 200 మిల్లీలీటర్ల క్రీమ్, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కాస్త వెన్న, ఒక నిమ్మకాయ. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన రొయ్యల్ని చన్నీళ్లలో 20 నిమిషాలు ఉంచితే విడిపోతాయి. తరవాత పేపర్‌తో తడి లేకుండా అద్దాలి. తడి ఉంటే అవి వేగవు, సొంత నీళ్లలోనే ఉడుకుతాయి. ఇన్నేళ్లూ నా రొయ్యలు రబ్బరులా ఉండటానికి కారణం మాత్రం తడి కాదు, ఆ పావుగంట మగ్గించడం. మామూలు సైజు రొయ్యకు ఒక్కో వైపు నిమిషంన్నర చాలు. కొద్దిగా వంగి, లోపలి గాజు రంగు పోయి తెల్లబడితే అయిపోయినట్టే. గుండ్రంగా చుట్టుకుపోయిందంటే ఆలస్యం చేశామన్నమాట.

బూడిద రంగు రొయ్య గులాబీ రంగుకు మారుతుంటే మా 8 ఏళ్ల అబ్బాయి స్టూలెక్కి చూశాడు. ఈ రంగు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాడు. వాళ్లక్క వెతికి చదివి చెప్పింది. ఆస్టాజాంతిన్ అనే ఎర్రని పదార్థం మొదటినుంచీ రొయ్యలోనే ఉంటుందట. దాన్ని ఒక ప్రోటీన్ పట్టి ఉంచడంవల్ల మనకు కనపడదు. వేడికి ఆ పట్టు వదిలేస్తుంది.

రొయ్యలు పక్కన తీసి, అదే పాన్‌లో మంట తగ్గించి వెల్లుల్లి వేయించాం. తరవాత క్రీమ్ పోసి రెండు మూడు నిమిషాలు చిక్కబడనిచ్చాం. ప్యాకెట్ మీద చెప్పిన టైముకు రెండు నిమిషాల ముందే పాస్తా తీసి అందులో వేశాం. అంతకుముందు నేను అలవాటుగా పాస్తాని కుళాయి కింద కడగబోయాను. పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "అది ఉడికిన నీళ్లే కావాలి నాన్నా." నిజమే, అది గంజి. అరకప్పు పోసి కలిపితే వెన్నా నీళ్లూ విడిపోకుండా ఆ గంజే పట్టి ఉంచుతుంది. గంజి అనే మాట తనకు కొత్త. రెండుసార్లు పలికి చూసుకుంది. ఆఖర్న రొయ్యలు తిరిగి వేసి, స్టవ్ ఆపాకే నిమ్మరసం పిండాం. ఒకసారి కొవ్వు తగ్గిద్దామని క్రీమ్ బదులు పాలు పోసి నిమ్మకాయ పిండితే మొత్తం విరిగిపోయింది. కొవ్వు 35 శాతం ఉన్న క్రీమ్ అంత తేలిగ్గా విరగదు.

మా ఇంట్లో మూడేళ్లుగా ఒక రూల్ ఉంది, నేను పెట్టిందే. భోజనం దగ్గర తెలుగే మాట్లాడాలి. దానివల్ల జరిగిందేమిటంటే భోజనం దగ్గర మాటలు తగ్గిపోయాయి. పైగా ఆఫీసు ఫోన్ వస్తే అదే టేబుల్ దగ్గర నేను ఇంగ్లీషులో మాట్లాడతాను. పిల్లలు ఏమీ అనరు, చూస్తారు. ఆ గురువారం రూల్ ఎవరికీ గుర్తు లేదు. కానీ స్టవ్ దగ్గర నా నోట్లోంచి వచ్చే మాటలు పిల్ల పట్టుకుంటోంది. నీళ్లు మరుగుతాయి, నూనె కాగుతుంది, వెన్న కరుగుతుంది, వెల్లుల్లి వేగుతుంది, పాస్తా ఉడుకుతుంది. "ఇన్ని మాటలెందుకు?" అంది. సరైన జవాబు నా దగ్గర లేదు. కాసేపటికి తమ్ముడు "నీళ్లు వేగుతున్నాయి" అంటే "వేగవురా, మరుగుతాయి" అని సరిదిద్దింది.

తినేటప్పుడు తమ్ముడు చీజ్ అడిగాడు. అక్క వద్దంది. ఇటలీలో చాలామంది చేపలూ రొయ్యల పాస్తా మీద చీజ్ వెయ్యరట. ఇలాంటి క్రీమ్ పాస్తాని ఆల్ఫ్రెడో అంటారని తనే ఇంకా చదివి చెప్పింది. రోమ్‌లో రెస్టారెంట్ నడిపిన ఆల్ఫ్రెడో డి లెలియో అనే ఆయన చేసిన పాస్తాలో వెన్న, చీజ్ తప్ప క్రీమ్ లేదు. 1920లో హాలీవుడ్ నటులు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ హనీమూన్‌కు వెళ్లి ఆయన దగ్గర తిన్నారు. ఆ పేరు అమెరికా చేరాకే అందులో క్రీమ్ కలిసింది, రొయ్యలూ కలిశాయి. అంటే మనం తింటున్న దాన్ని చూసి రోమ్‌లో ఎవరైనా 'ఇది మాది కాదు' అనవచ్చు. 'నువ్వు నాతో అన్న మాటే కదా' అని నా నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు. తమ్ముడికి చీజ్ వేశాను.

మీరూ పిల్లలు అడిగిన వంట అడిగినట్టే వండండి, మాటలు వాటంతటవే వస్తాయి అని రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను. గురువారం వంట ఇప్పుడు మంగళవారం కూడా అవుతోంది. పోయిన ఆదివారం వాళ్లమ్మ ఓపిగ్గా వండిన కూరని చిన్నవాడు పక్కకు నెట్టి పాస్తా అడిగాడు. ఆమె ఏమీ అనలేదు, నా వైపు చూసింది. నేను మనదాన్ని వదులుకున్నానో, పిల్లలకు ఒక అడుగు దగ్గరయ్యానో ఒక్కో రోజు ఒక్కోలా అనిపిస్తుంది. మసాలా పాస్తా మానేసినందుకు పిల్ల థాంక్స్ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

నా పాత పాస్తాకి ఫ్రెండ్స్ దగ్గర ఏం పేరు చెప్పేదో ఇంతవరకూ అడగలేదు. ప్రతి గురువారం అడుగుదామనే అనుకుంటాను. ఈలోపు నీళ్లు మరుగుతున్నాయని పిలుస్తుంది, వెళ్లి ఉప్పు వేస్తాను.