దగ్గు లేదు, జ్వరం లేదు, అయినా న్యుమోనియానే

కాన్పుకి కందుకూరులో మా అమ్మావాళ్లింటికి వచ్చాను. బాబుకి రెండో వారం నడుస్తోంది. ఆ రోజు పొద్దుట్నుంచీ పాలు సరిగా తాగలేదు. రెండు గుక్కలు లాగడం, వదిలేసి మగతగా పడుకోవడం. "దిష్టి తగిలుంటదిలేమ్మా" అంది జేజి. దగ్గు లేదు. ఒళ్లు కాలడం లేదు, పైగా అరికాళ్లు చల్లగా ఉన్నాయి.

14వ రోజు చూడ్డానికి వచ్చిన ఆశా అక్క ముందు చొక్కా విప్పమంది. చూస్తే డొక్కలు ఎగరేస్తున్నాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది, ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఫోన్లో టైమర్ పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టింది. పసిబిడ్డలు కాసేపు గబగబా, కాసేపు ఆగి ఆగి పీలుస్తారు కాబట్టి పదిహేను సెకన్లు చూసి నాలుగింతలు వేసుకుంటే లెక్క తప్పుతుందట. 72 వచ్చింది. మళ్లీ లెక్కపెడితే 70. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆస్పత్రికి వెళ్లాల్సిందే అని తనే 108కి ఫోన్ చేసింది. దారంతా బాబుని నా గుండెకి ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకొమ్మంది.

ఒంగోలు రిమ్స్‌లో నవజాత శిశువుల వార్డుకి తీసుకెళ్లేసరికి ఆక్సిజన్ 88 ఉంది. ముక్కుకి సన్నటి ఆక్సిజన్ గొట్టం, చేతికి అట్టముక్క కట్టి సూది. ఎక్స్‌రే, రక్తపరీక్షలు అయ్యాక యాంపిసిలిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఈ వయసులో దగ్గే బలం ఉండదనీ, ఇన్ఫెక్షన్ వస్తే జ్వరానికి బదులు ఒళ్లు చల్లబడొచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో సిరప్ పోసి చూద్దాం అనుకునే జబ్బు కాదిది.

నాకు అన్నిటికంటే కష్టమైంది పాలు పిండడం. ఆయాసంగా ఉన్న బిడ్డకి రొమ్ము పట్టిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని, పిండిన పాలు పొట్టలోకి వేసిన గొట్టంలోంచి పోసేవాళ్లు. టెన్షన్‌లో ఉంటే పాలు దిగవు, దిగకపోతే ఇంకా టెన్షన్. నర్సమ్మ వేడినీళ్ల గుడ్డ ఇచ్చి, బాబుని కాసేపు చూసొచ్చి అప్పుడు కూర్చోమంది. నిజంగానే పనిచేసింది. తర్వాత ఉగ్గుగిన్నె, ఆ తర్వాత రొమ్ము.

బాబు తేరుకున్నాక "ఇంక ఇంటికి పోదాం" అని మా ఆయన గొడవ. కోర్సు అయ్యేదాకా పంపలేదు. మధ్యలో ఆపితే తిరగబెడుతుందన్నారు, మంచిపని చేశారు. సర్కారీ వైద్యం కాబట్టి మందులకీ పరీక్షలకీ డబ్బు కట్టలేదు. ఇంటికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో దింపారు.

ఇప్పుడు స్నానం తర్వాత సాంబ్రాణి పొగ మాన్పించాను. మా అందరికీ వేసే పెంచానని జేజి మూతి ముడుచుకుంది, ముడుచుకోనీ. ఆరో వారం టీకాల్లో న్యుమోనియాకి పీసీవీ ఉంది. తర్వాతి డోసులు 14వ వారం, తొమ్మిదో నెల.