పెరుగు మానేస్తే సన్నబడతారా, తింటే సన్నబడతారా?

ఈ ప్రశ్న మా ఇంట్లో ఎండాకాలం అంతా నడిచింది. మా అమ్మాయి డల్లాస్‌లో పుట్టి పెరిగిన పదిహేనేళ్ల పిల్ల, పాలపదార్థాలు మానేస్తే బరువు తగ్గుతారని ఫోన్‌లో ఎక్కడో చూసి పాలు, పెరుగు, నెయ్యి అన్నీ బంద్ చేసింది. సెలవులకు దేవరకొండ వస్తే మా అమ్మ ఊరుకుంటుందా? "గింత పెరుగన్నా తినకపోతే ఎట్ల బిడ్డా, కడుపు సల్లగ ఎట్లుంటది" అని రోజూ వెంటపడేది. దానికి తోడు మా పిన్ని వచ్చి, పెరుగు తింటే కొవ్వు కరుగుతుందట కదా అని ఇంకో మాట. పిల్లకు ఎవరిని నమ్మాలో తెలియక టెన్షన్.

పిన్ని మాటకు మూలం లేకపోలేదు. 2000ల మొదట్లో అమెరికాలో టెన్నెసీ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ జెమెల్ అనే పరిశోధకుడు, తిండి తగ్గించుకుంటూ రోజుకు మూడుసార్లు పాలపదార్థాలు తిన్నవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ తగ్గారని చెప్పాడు. 2004లో వచ్చిన ఆయన అధ్యయనంలో ఉన్నది మొత్తం 32 మంది, వాళ్లనూ మూడు గుంపులు చేశారు. ఇలాంటి చిన్న అధ్యయనాలను పట్టుకుని అక్కడి పాల పరిశ్రమ 'పాలు తాగండి, బరువు తగ్గండి' అన్నట్టు జోరుగా ప్రకటనలు ఇచ్చింది, చివరికి తప్పుడు ప్రకటనల మీద చర్య తీసుకునే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దృష్టికి వెళ్లాక 2007లో ఆ ప్రకటనలు ఆపేయాల్సి వచ్చింది. తర్వాత 2012లో 29 అధ్యయనాలను కలిపి చూస్తే తేలింది ఇదే: మొత్తం తిండి తగ్గించుకున్నవాళ్లకు పాలు, పెరుగు కొంచెం తోడ్పడతాయి, అదీ సగటున కిలో లోపే. మామూలుగా తినేది తింటూ పైన కప్పు పెరుగు వేసుకుంటే తగ్గేదేమీ లేదు. పాలు తాగినంత మాత్రాన లావైపోతారనీ వాటిలో తేలలేదు.

అయితే ఏ పాలు, ఎన్ని అన్నది చూసుకోవాలి. గేదెపాలు గ్లాసుకు 230 కేలరీలు దాటతాయి, అమెరికాలో దొరికే వెన్న తీయని ఆవుపాలు 150, పూర్తిగా వెన్న తీసినవి 80, 90. నెయ్యి సంగతి వేరు, పెద్ద చెంచాకే 120 దాకా ఉంటాయి, పాలలోని ప్రోటీన్, కాల్షియం దాంట్లో ఉండవు. ఈ మాట అమ్మకు చెప్పడం కష్టమే గానీ చెప్పాను.

పిల్లకు మాత్రం నేను చెప్పక్కర్లేకపోయింది. పొద్దున్నే అమ్మ సల్ల (మజ్జిగ) చిలుకుతుంటే పక్కన కూర్చుని చూసింది. రాత్రి తోడేసిన పెరుగులో చల్లటి నీళ్లు పోసి కవ్వం తిప్పుతుంటే కాసేపటికి వెన్న చిన్న చిన్న పలుకులుగా తేలుతుంది, అమ్మ వాటిని అరచేత్తో దగ్గరకు తీసి, ముద్ద చేసి, నీళ్ల గిన్నెలో వేస్తుంది. "అంటే కొవ్వంతా ఇటు వచ్చేసిందా?" అని అడిగింది. చాలావరకు వచ్చేసిందన్నాను. మిగిలిన పలచటి సల్లలో ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు వేసి అమ్మ ఇస్తే గ్లాసు ఖాళీ చేసింది. అచ్చంపేటలో మా అత్తగారింట్లో జొన్న గటకలో (జొన్న రవ్వ ఉడికించి చేసేది) పోసుకునేదీ ఇదే, పొలం పనికి పోయేవాళ్ల పొద్దటి తిండి.

పిల్ల పాలు, పెరుగు పూర్తిగా మానేస్తానంటే నేను ఎందుకు ఒప్పుకోనంటే, బరువు కోసం కాదు, ఎముకల కోసం. మా నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయినవాళ్లను చూస్తూ పెరిగినదాన్ని నేను. ఒంట్లో కాల్షియం తక్కువైన పిల్లల మీద ఆ ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ దెబ్బ కొడుతుంది. మా పిల్లకు ఆ నీళ్లు లేవు, అదృష్టం, కానీ ఎముక గట్టిపడే వయసు ఎక్కడున్నా ఇదే. తొమ్మిది నుంచి పద్దెనిమిదేళ్ల వరకు రోజుకు 1300 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని అమెరికా డాక్టర్లు చెప్తారు, గ్లాసు పాలలో 300 దాకా వస్తుంది. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ కూడా రోజుకు 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో పళ్లెంలో ఉండాలంటుంది. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చే పిల్లలుంటారు, వాళ్ల ఇబ్బంది నిజమే, చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి, అవీ పడకపోతే రాగులు, నువ్వులు, ఆకుకూరలు ఉన్నాయి.

నాకు పాలకంటే ఎక్కువ బాధ కలిగించేది పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో పిల్ల మొహం మీదే "ఏందమ్మా, లావైనవ్" అనడం. ప్రేమతోనే అంటారు, మాకూ అట్లాగే అన్నారు, కానీ ఆ వయసులో ఒళ్లు చేయడం ఎదుగుదలలో భాగం, ఆ మాట విని అన్నం ముందు నుంచి లేచిపోయే పిల్లలు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. అందుకే ఈసారి అందరికీ నేరుగా చెప్పేశాను: పిల్ల బరువు గురించి అడగాలంటే నన్ను అడగండి, దాన్ని కాదు. అమ్మ వెంటనే సరేనంది. పిన్ని కొంచెం నొచ్చుకుంది, రెండ్రోజులు ఫోన్ చేయలేదు, తర్వాత తనే చేసి పిల్ల చదువు గురించి అడిగింది.